సెప్టెంబరు 30 నాటి లెక్కలో మా తెలుగు బడి

పర్లాకిమిడికీ పాతపట్నానికీ నడుమ ఉన్నది మహేంద్రతనయ నది ఒక్కటే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా విభజించారు. కోటా, ఊరూ, కళాశాలా ఒరిస్సాలోకి వచ్చాయి. ఏటికి అవతలి పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. పెళ్లి సంబంధాలు, సంతలు, మొక్కుబడులు పూర్వంలాగే సాగాయి గాని, పిల్లల చదువు మాత్రం ఆనాటి నుంచి అప్పటి జిల్లా కేంద్రం ఛత్రపురం, రాజధాని కటకం, ఆ తరువాత భువనేశ్వర్ కార్యాలయాల కాగితాలతో ముడిపడింది. ఆ కాగితాల కింద నడిచిన ఒక తెలుగు ప్రాథమిక పాఠశాలలో నేను 1970లో ఓనమాలు దిద్దుకున్నాను. జిల్లాలో వేర్వేరు బడులలో పనిచేసిన తరువాత చివరికి అదే బడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, 2024లో అక్కడే పదవీ విరమణ చేశాను. పిల్లలు తగ్గిపోయారు గనుక తెలుగు మాస్టారి పోస్టు అవసరం లేదని ఇప్పుడు అంటున్నారు. జరిగింది దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగిందని ఆ బడిని రెండు వైపుల నుంచీ చూసినవాడిగా చెప్పగలను.

నా చిన్నతనంలో మా బడి అంటే పెంకుల కప్పు కింద రెండు గదులు, వాటి ముందు పొడవాటి అరుగు. ఒకటి, రెండు తరగతులు అరుగు మీద, మిగిలినవి గదులలో సాగేవి. పశువుల కొమ్ములతో దువ్వెనలు, కొంగలు, నెమళ్లు చెక్కే పనివారి పిల్లలు, నేతపని వారి పిల్లలు, చిన్న రైలులో నౌపడా వెళ్లి ఉప్పు తెచ్చి అమ్ముకునేవారి పిల్లలు, కోర్టు గుమాస్తాల పిల్లలు ఒకే చాప మీద కూర్చునేవారు. ఏడాదికి బడికి వచ్చే చిల్లర ఖర్చుల సొమ్ము సుద్దముక్కలకూ హాజరుపట్టీలకూ చాలేది కాదు. తొలకరికి ముందు పెంకులు సర్దించుకోవాలంటే పెద్ద మాస్టారు వీధిలోకి వెళ్లి అడిగేవారు, పనివారు కూలి పుచ్చుకోకుండా వచ్చి సర్ది వెళ్లేవారు. నల్లబల్లకు బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి మేమే పూసేవాళ్లం. ఇంత లేమిలోనూ ఆ బడిలో నలుగురు మాస్టార్లు ఉండేవారు. నలుగురికీ తెలుగు చదవడం, రాయడం క్షుణ్ణంగా వచ్చు, నలుగురికీ ఒడియా కూడా వచ్చు.

మూడో తరగతిలో మాకు ఒడియా అక్షరాలు మొదలుపెట్టిన పద్ధతి నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. బల్లను నిలువుగా ఒక గీతతో చీల్చి, ఎడమ వైపు తెలుగు 'క', కుడి వైపు ఒడియా 'క' రాసి, రెంటికీ శబ్దం ఒక్కటేనని మా మాస్టారు చెప్పారు. గుణింతం అంతా అలాగే జంటగా సాగింది. అప్పటికే తెలుగులో చదవడం వచ్చి ఉండడం వలన ఒడియా మాకు బరువనిపించలేదు. నెల తిరగకుండానే బజారులోని దుకాణాల బోర్డులు రెండు భాషలలోనూ చదువుకుంటూ ఇంటికి వెళ్లేవాళ్లం. తెలుగు బడి ఉంటే పిల్లలు ఒడియాకు దూరమవుతారని తరువాతి కాలంలో కొందరు అధికారులు అన్నప్పుడల్లా నాకు ఆ గీత గీసిన నల్లబల్ల గుర్తుకు వచ్చేది. మా తరంలో ఒడియా బాగా రాసినవారిలో చాలామంది తెలుగు బడిలో మొదలుపెట్టినవారే.

పెద్ద మాస్టారు ప్రతి వేసవి చివరా ఒక పని తప్పకుండా చేసేవారు. చేతిలో పొడవాటి రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, బడి ఈడు వచ్చిన పిల్లల పేర్లు రాసుకునేవారు. మా ఇంటి పక్క గడపలో జరిగిన సంభాషణ నాకు మాటలతో సహా జ్ఞాపకం ఉంది.

"అమ్మా, మీ గుంటణ్ణి ఈ ఏడు బడిలో వెయ్యాలి."

"ఆడికింకా ఐదేళ్లు నిండనేదు బాబూ. అరుగు దిగితే బెంగెట్టుకుంటాడు."

"బెంగ నేను చూసుకుంటాను. నాకు పదిమంది కావాలి తల్లీ, తొమ్మిదిమందే ఉన్నారు."

ఆ 'పదిమంది' ఏమిటో నాకు అప్పుడు తెలియదు. ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా తెలిసింది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం నిర్ణయించింది: బడి మొత్తంలో నలభైమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని వేరొక మాతృభాషవారు ఉంటే, ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా తగిన సౌకర్యాలు కల్పించే బాధ్యతను ప్రతి రాష్ట్రం మీదా పెట్టింది. మా మాస్టార్లు దీన్ని 'పదీ నలభై' అనేవారు. తనిఖీకి వచ్చే స్కూళ్ల సబ్ ఇన్‌స్పెక్టరు గారు ముందుగా అడిగేది కూడా ఆ లెక్కే. లెక్క సరిపోతే పోస్టు నిలిచేది. అందుచేత పెద్ద మాస్టారు ఒక పిల్లవాడి పేరు కోసం ఒక గడపకు నాలుగుసార్లు వెళ్లడానికి కూడా వెనుదీసేవారు కాదు.

అయిదో తరగతి దాటాక మమ్మల్ని ఆరు, ఏడు తరగతులుండే ఎం.ఇ. స్కూలులో చేర్చారు. అక్కడ బోధన ఒడియాలో, తెలుగు ఒక పాఠ్యాంశంగా మాత్రమే. కటకం బోర్డు వారి పదో తరగతి పరీక్ష కూడా అంతే. ఏరు దాటి ఆంధ్రలో పైచదువులకు పోదామంటే 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డువచ్చేది. వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉంటేనే స్థానికులు. మేము తెలుగువాళ్లమే అయినా అక్కడ స్థానికేతరులం, మిగిలిన కొద్దిపాటి సీట్లకే పోటీ పడాలి. ఇవతల మాది అల్పసంఖ్యాక భాష, అవతల మాకు స్థానికత లేదు. ఈ స్థితిలో మాకంటూ ఒక ఆధారం ఉన్నదంటే అది ఆ ప్రాథమిక బడి ఒక్కటే.

నేను ఉద్యోగంలో చేరిన 1986లోనే జాతీయ విద్యావిధానం వచ్చింది. విద్యపై జాతీయాదాయంలో ఆరు శాతం ఖర్చు చేయాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పిన మాటను 1968 విధానమూ, 1986 విధానమూ, చివరికి 2020 విధానమూ వరుసగా చెప్పాయి. కేంద్రమూ రాష్ట్రాలూ కలిపి పెట్టే ఖర్చు ఇంతవరకూ ఆ అంకెను అందుకోలేదు. అయితే డబ్బు బొత్తిగా రాలేదంటే అది నిజం కాదు. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద నేను పనిచేసిన పల్లె బడికి రెండో గది వచ్చింది, రెండో మాస్టారు వచ్చారు, గ్లోబూ, పటాలూ, లెక్కల సామగ్రీ ఉన్న పెట్టె వచ్చింది. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా ఏర్పడి, మా పర్లాకిమిడే జిల్లా కేంద్రమైంది. అంతకుముందు ఒక సంతకం కోసం ఛత్రపురం వెళ్లి రాత్రి బస చేయవలసి వచ్చేది. ఆ కష్టం తీరింది. 1995లో మధ్యాహ్న భోజన పథకం వచ్చింది. పొయ్యి మీద అన్నం, దాల్మా ఉడుకుతున్న వాసన వచ్చే వేళకు పిల్లల చూపు పుస్తకం మీద నిలవకపోయినా, మధ్యాహ్నం తరువాత హాజరు నిలబడింది. కూలికి పోయే తల్లులు పిల్లల్ని వెంట తీసుకుపోవడం మానుకున్నారు. ఈ ఒక్క పథకం చేసిన మేలును నేను చూసిన మరే పథకమూ చేయలేదని గట్టిగా నమ్ముతాను.

ఆ తరువాత 2001లో సర్వశిక్షా అభియాన్ మొదలైంది. మొదట్లో కేంద్రం 85 రూపాయలు పెడితే రాష్ట్రం 15 రూపాయలు పెట్టేది. తరువాత అది 75, 25 అయింది, ఆపైన కొన్నిసార్లు మారి 2015 నుంచి 60, 40 దగ్గర నిలిచింది. ఈ అంకెలు మాలాంటి బడులలో ఏ రూపంలో కనిపించాయో చెప్పాలి. గది కట్టడం ఒక్కసారి పెట్టే ఖర్చు. మాస్టారి జీతం ముప్పై ఏళ్ల పాటు ప్రతి నెలా పెట్టవలసిన ఖర్చు, దాని వెనుక పింఛనూ ఉంటుంది. కేంద్రం వాటా రేపు ఎంత ఉంటుందో తెలియని రాష్ట్రం గదులు ఉత్సాహంగా కట్టించింది, మరుగుదొడ్లు కట్టించింది, గోడలకు రంగులు వేయించింది, మాస్టార్లను మాత్రం కొద్దిపాటి వేతనం మీద శిక్షా సహాయకులుగా ఒప్పంద పద్ధతిలో తీసుకుంది. అలా చేరిన యువతీయువకులు ఎంతో ఓపికతో పనిచేశారు. వారిని ఒక్క మాట అనడానికి నాకు మనసొప్పదు. కాని ఆ నియామకాల పట్టికలలో బడికి ఏ భాష మాస్టారు కావాలో రాసే గడి మాకు కనిపించేది కాదు.

అభియాన్ కాలంలో ఉపాధ్యాయునికి బోధనోపకరణాల కోసం ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. ఆ చిన్న మొత్తం మీద నాకు ప్రేమ ఉండేది, ఎందుకంటే అది ఎవరినీ అడగకుండా నా తరగతికి నేను ఖర్చుపెట్టుకోగల సొమ్ము. ఊరి దుకాణాలలో ఒడియా వర్ణమాల చార్టులు దొరికేవి, తెలుగువి దొరికేవి కావు. అందుకని వంతెన దాటి పాతపట్నం వెళ్లి అచ్చుల చార్టు, హల్లుల చార్టు, ఒత్తుల పట్టిక, అట్ట ముక్కలు కొన్నాను. ఏడాది చివర ఆడిట్‌కు వచ్చినవారు ఆ బిల్లు పక్క రాష్ట్రపు దుకాణానిదని అభ్యంతరం రాశారు. తెలుగు చార్టులు ఇక్కడ దొరకవని నేను వివరణ రాసి ఇచ్చాను. వారు మర్యాదగానే విన్నారు, అభ్యంతరం మాత్రం అలాగే ఉంచారు. తెలుగు చార్టు కొనడం తప్పని ఎవరూ అనలేదు. దాన్ని కొనడానికి వీలైన దారి ఒక్కటీ నిబంధనలలో లేదు, అంతే. పాఠ్యపుస్తకాల విషయంలోనూ ఇదే కథ నడిచింది. ఒడియా పుస్తకాలు బడి తెరిచిన వారానికే చేరితే, మా తెలుగు పుస్తకాలు ఒక్కొక్క ఏడు దసరా సెలవులు దాటాక చేరేవి. అంతవరకూ కిందటి ఏటి పిల్లల దగ్గర పాత పుస్తకాలు అడిగి తెచ్చి, చిరిగిన పేజీలను దస్తూరి బాగున్న పిల్లల చేత రాయించి అతికించేవాళ్లం. శ్రీకాకుళంలో దొరికే పుస్తకాలు కొనుక్కుంటే సరిపోదా అని కొందరు తల్లిదండ్రులు అడిగేవారు. అవి వేరే రాష్ట్రపు పాఠ్యప్రణాళిక ప్రకారం రాసినవి. మా పిల్లలకు మహానది, చిలికా సరస్సు పాఠాలు కావాలి, పరీక్షలో అవే అడుగుతారు.

నేను చదువుకున్న బడికి ఉపాధ్యాయుడిగా వచ్చేసరికి పెంకుల కప్పు పోయి స్లాబు పడింది, అరుగుకు గ్రిల్లు వచ్చింది, వంటగది వచ్చింది. తెలుగు వచ్చిన మాస్టార్లు మాత్రం నలుగురి నుంచి ఇద్దరికి తగ్గారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు మేమిద్దరం చాలా ఆశపడ్డాం. వీలైనంత వరకూ బోధన మాతృభాషలో జరగాలని ఆ చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. తల్లిదండ్రులు మూడొంతులు ఉండేలా విద్యాకమిటీ వేయాలంటుంది. అదే చట్టపు షెడ్యూలులో మాస్టార్ల సంఖ్య ఉంది: అరవైమంది పిల్లల వరకు ఇద్దరు, తొంభై వరకు ముగ్గురు, నూట ఇరవై వరకు నలుగురు. ఏకోపాధ్యాయ బడులతో నలిగిన పల్లెలకు ఇది గొప్ప వరం. రెండు భాషల పిల్లలున్న బడికి ఈ పట్టిక ఏమీ చెప్పదు. అరవైమందిలో సగం తెలుగు, సగం ఒడియా అయినా ఇద్దరే మాస్టార్లు. వారిద్దరికీ ఏ భాష రావాలో పట్టికకు అనవసరం.

నా తోటి తెలుగు మాస్టారు పదవీ విరమణ చేసిన తరువాత ఆయన స్థానాన్ని కాగితాల మీద 'సహాయ ఉపాధ్యాయుడు, ఖాళీ ఒకటి' అని మాత్రమే చూపించారు. భాష పేరు రాయలేదు. ఖాళీ భర్తీ అయింది, ఒడియా యువకుడొకాయన వచ్చారు. ఆయన మంచివాడు. నా దగ్గరే గుణింతాలు నేర్చుకుని, రెండో ఏటికల్లా తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదివేవాడు. అయినా ఒకటో తరగతి పిల్లవాడికి తెలుగులో కథ చెప్పి, వాడు తడబడిన చోట వాడి మాటతోనే దిద్దడం ఆయన వలన అయ్యేది కాదు, కావాలని అడగడం కూడా న్యాయం కాదు. అయిదు తరగతుల తెలుగూ నా ఒక్కడి మీద పడింది. శిక్షణలకు, జనగణనకు, ఎన్నికల పనులకు నన్ను పిలిచిన రోజులలో ఆ పిల్లలకు తెలుగు చదువే లేదు.

తెలుగు వచ్చిన అభ్యర్థులు దొరకలేదా అని చాలామంది నన్ను అడిగారు. దొరికే దారి ఇరుకైపోయింది. 2010 తరువాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పనిసరి అయింది. ఒడిశాలో ఆ పరీక్షను తెలుగు మొదటి భాషగా రాయవచ్చు. దాంతోపాటు ఒడియా కూడా ఏడో తరగతి స్థాయిలో పాసై ఉండాలి, ఇది సబబైన నియమమే. ఇన్ని దాటి వచ్చిన తెలుగు పిల్లలకు చివరికి ప్రకటనలో తమ భాషకు విడిగా పోస్టులు కనిపించకపోతే వారు అందరితోపాటు మామూలు పోస్టుల కిందే చేరతారు, ఎక్కడో కొండల మీది ఒడియా బడికి నియమితులవుతారు. నా దగ్గర చదివి మాస్టారైన ఒక అమ్మాయి అలాగే మరో బ్లాకులో ఒడియాలో పాఠాలు చెబుతోంది. ఆమె తెలుగు మా బడికి దక్కలేదు.

ఇక్కడి నుంచి లెక్క తన పని తాను చేసుకుపోయింది. ఒక తల్లి వచ్చి, "తెలుగు సెప్పీవోళ్లే నేనప్పుడు ఈ బడెందుకు బాబూ, ఒడియా ఎలాగూ తప్పదు గదా, ఆ పెద్ద బడికే అంపించేస్తాను" అని టీసీ అడిగింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు; ఆమె ఆలోచన నూటికి నూరుపాళ్లూ సరైనది. కొందరు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడులకు పంపారు. కొందరు ఏటి అవతల అమ్మమ్మల ఇళ్లకు పంపారు, అక్కడ 2020లో అమ్మ ఒడి కింద తల్లుల ఖాతాలలో ఏడాదికి 15,000 రూపాయలు వేయడం మొదలైన తరువాత ఇలా వెళ్లినవారు పెరిగారు. (అవతల కూడా చిన్న బడులకు నిశ్చింత లేదు. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు మార్చినప్పుడు, అలా పంపిన కుటుంబాలలో కొన్ని మళ్లీ చిక్కులో పడ్డాయి.)

ఏటా సెప్టెంబరు 30 నాటి పిల్లల సంఖ్యను దేశమంతటా బడుల వివరాలు సేకరించే యూడైస్ పత్రంలో నింపి పంపాలి. నిధులన్నీ ఆ రోజు లెక్కను బట్టే వస్తాయి. సర్వశిక్షా అభియాన్ స్థానంలో వచ్చిన సమగ్ర శిక్షలో బడికి ఇచ్చే ఉమ్మడి గ్రాంటు ముప్పైమంది వరకు ఉంటే ఏడాదికి 10,000 రూపాయలు, ముప్పై ఒకటి నుంచి వందవరకు ఉంటే 25,000. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. మా సంఖ్య ముప్పైకి దిగిన ఏడు గ్రాంటు సగం కంటే తక్కువైంది. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, కుళాయి మరమ్మతు, తాళాలు, రిజిస్టర్లు మాత్రం పిల్లల సంఖ్యతోపాటు తగ్గేవి కావు. ఆ 10,000 కూడా ఆర్థిక సంవత్సరం చివరి నెలలలో వచ్చేది, మార్చి 31 లోపు ఖర్చు చేయకపోతే వెనక్కి పోయేది. జూలైలో కారే కప్పుకు ఫిబ్రవరిలో వచ్చే డబ్బు ఏ విధంగా పనికివస్తుందో నేను ఎన్నో సమావేశాలలో అడిగాను. అడిగిన ప్రతిసారీ కింది అధికారులు నా మాట నిజమేనని ఒప్పుకున్నారు. తేదీలు వారి చేతిలో లేవు.

చిన్న బడులను పెద్దవాటిలో కలిపే ప్రయత్నం కూడా ఇదే కాలంలో ఊపందుకుంది. 2017లో నీతి ఆయోగ్ ఒడిశా, ఝార్ఖండ్, మధ్యప్రదేశ్‌లను ఎంచుకుని మొదలుపెట్టిన సాథ్-ఇ పథకంలో తక్కువ పిల్లలున్న బడుల విలీనం ఒక ముఖ్య భాగం. ఒక మాస్టారి చేతిలో అయిదు తరగతులు పెట్టి నడిపే బడి పిల్లలకు అన్యాయమే చేస్తుందన్న వాదనలో నిజముంది. దాన్ని నేను కాదనను. ఒకే భాష పిల్లలున్న రెండు బడులను కలిపితే మాస్టార్లు కలుస్తారు, పిల్లలకు స్నేహితులు పెరుగుతారు. తెలుగు బడిని పక్కనున్న ఒడియా బడిలో కలిపితే తెలుగు తరగతి రద్దవుతుంది. పై ఉత్తర్వులలో ఈ రెండింటినీ ఒకే మాటతో విలీనం అంటారు. అయిదో తరగతి వరకైనా ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 విధానం అంటుంది, చిన్న బడులను సముదాయాలుగా చేర్చాలని కూడా అదే విధానం అంటుంది. మాలాంటి చోట ఈ రెండింటిలో మొదట ఏది పాటించాలో ఎవరూ చెప్పరు.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మా ఊరి బడిలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు గారు మనసులో మెదులుతారు. కొండల మీది సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేసి, సొంత సొమ్ము ఖర్చుపెట్టి బడులు పెట్టించారు. 1936లో మా ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన బాధతో ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన కోరిన పనిని ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతంలో బహుభాషా విద్య పేరుతో పది గిరిజన భాషలలో చేపట్టింది, వాటిలో సవర ఒకటి. ఆ పిల్లలకు సొంత భాషలో పుస్తకాలు వేశారు, ఆ భాష వచ్చినవారినే మాస్టార్లుగా తీసుకున్నారు. నాకు ఎంతో సంతోషం కలిగించిన పని అది. నియామకంలో భాషను లెక్కలోకి తీసుకోవడం ఈ ప్రభుత్వానికి చేతనైన పనేనని అది చూసి తెలుసుకున్నాను. తెలుగు పిల్లలకు అడుగుతున్నదీ అంతకుమించి కాదు.

నేను విరమించిన తరువాత నా స్థానం కూడా భాష పేరు లేని ఖాళీగానే నమోదైంది. బడి మూతపడలేదు, ఒడియా తరగతులు నడుస్తున్నాయి, వంట సాగుతోంది. ఈ ఏడు మూడు వీధుల తల్లిదండ్రులు కలిసి విద్యాకమిటీ తరఫున ఒక అర్జీ పెట్టారు, దాన్ని రాసి ఇచ్చే పని నాకు అప్పగించారు. అందులో మూడు కోరికలు ఉన్నాయి. ఖాళీని 'తెలుగు మాధ్యమం' అని భాషతో సహా ప్రకటించాలి. మాస్టారు వచ్చి ఒక పూర్తి విద్యాసంవత్సరం పాఠం చెప్పిన తరువాతే పిల్లల సంఖ్యను పోస్టుకు ప్రమాణంగా తీసుకోవాలి, మాస్టారు లేని ఏటి సంఖ్యను లెక్కలోకి తేకూడదు. ఒక్కొక్క బడిలో పదిమంది తేలకపోతే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న రెండు మూడు బడుల తెలుగు పిల్లలను కలిపి లెక్కించి, వారికి ఒక మాస్టారిని ఇవ్వాలి. ఒకటో తరగతికి తెలుగు కావాలని తల్లిదండ్రులు సంతకం చేసిన పేర్లు ఇప్పటికే పది దాటాయి.

అర్జీ చూసిన కార్యాలయంవారు, ఆ పోస్టు పూర్వం తెలుగుదేనని రుజువులు చూపమన్నారు. బడి పాత రిజిస్టర్లలో కొన్ని తుపాను వానకు తడిసి పాడయ్యాయి. అందుచేత ఈ బడిలో చదువుకుని, టీసీ మీద 'బోధనా మాధ్యమం: తెలుగు' అని రాయించుకున్నవారు, ఇక్కడ పనిచేసి నియామక పత్రం మీద తెలుగు ఉపాధ్యాయుడని ఉన్నవారు, వారి పిల్లలు, మనవలు ఎక్కడ ఉన్నా సరే, ఆ కాగితాల నకళ్లు విద్యాకమిటీ అధ్యక్షురాలికి చేర్చవలసిందిగా కోరుతున్నాను. 1980కి ముందువి దొరికితే మరీ ఉపయోగం. ఈ సెప్టెంబరు లోపు అవి అందితే, ఈ ఏటి లెక్క పంపే లోగానే అర్జీకి జతచేసి ఇవ్వగలుగుతాం.